ఐసు గది

ఏప్రిల్ పదిహేను నుంచి బోట్లు కదలవు.
గంగమ్మ కడుపుతో ఉంటుంది, వల వెయ్యకూడదు.
ఫిషింగ్ హార్బర్లో పడవలన్నీ
గోడకి ముక్కులానించి నిలబడితే
నా ఐసు గదికి పనుండదు.

అప్పుడొచ్చారు వాళ్ళు, ఒక వ్యాన్లో,
రెండు ఆల్బమ్‌లు చేసి అప్పులు మిగుల్చుకున్న మొహాలతో.
అద్దె అడిగితే సగమే ఉందన్నారు.
కీబోర్డు కుర్రాడు బెహరా గది మధ్య నిలబడి
ఒక్క చప్పట కొట్టాడు.
చప్పట గోడదాకా వెళ్ళింది,
కాస్త ఆలోచించుకుని తిరిగొచ్చింది.
"ఇదే" అన్నాడు.

ముప్ఫయ్యేళ్ళ చేపల కంపు ఆ గోడల్లో.
విజయనగరం నుంచి వచ్చిన పదకొండు ఫిడేళ్ళూ
ముక్కులకి రుమాళ్ళు కట్టుకుని కూచున్నాయి
బందిపోట్ల ముఠాలా.
ఐసు మీద కప్పే ఊక ఇంకా మూలల్లో ఉంది,
పెద్దావిడ లలితాంబగారికి పడదు.
మూడో టేకు ఒక తుమ్ముతో పోయింది.
నాలుగోది ఇంకో తుమ్ముతో.

జ్ఞానాపురం కోయిరు పిల్లలు ఇరవైమంది.
ముందు నిలబడి పాడే ప్రిస్కిల్లా
కేజీహెచ్‌లో డ్యూటీ దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చేది.
డ్రమ్ములు షిప్‌యార్డు వెల్డరు ఎర్రాజీవి.
ఇంటిపేరు తెడ్డు. వాయించడమూ అంతే,
నీళ్ళని వెనక్కి తోసినట్టు.

ఒక సంగతి ఒప్పుకోవాలి.
ముప్ఫై రెండేళ్ళు అమ్మోనియా కంప్రెసర్ పక్కన
పడుకున్న చెవులు నావి.
ఫిడేలు పైకి వెళ్ళిందంటే
నాకు కమాను కదలడమే కనిపిస్తుంది.
ప్రిస్కిల్లా మెడనరం ఉబ్బి
పిల్లలు కళ్ళార్పడం మానేస్తే
ఓహో, ఇప్పుడు బాగా పాడుతోంది కాబోలు
అనుకునేవాణ్ణి.
ఎర్రాజీ మాత్రం అరికాళ్ళలోంచి ఎక్కేవాడు.

జూన్ పది. ఆఖరి పాట, పదిహేడు నిమిషాలది,
సగంలో ఉంది.
ఓనరు ఫోను: "పోలయ్యా, మిషనెయ్.
నాలుగ్రోజుల్లో బోట్లెల్తాయి, ఐసు గావాల."
ఆగమని చేత్తో సైగ చేశారు.
ఆగితే నా జీతం.
స్విచ్చేశాను.

ముందొక దగ్గు. బెల్టు జారిన కీచు.
తర్వాత నేలలోంచి ఆ పాత గురక.
బెహరా తల తిప్పలేదు.
ఎడమచెయ్యి పైకెత్తి, ఎవర్నీ ఆగనివ్వకుండా,
కుడిచేత్తో మెట్లన్నీ తడుముకుంటూ వచ్చి
నా మిషను శ్రుతి మీద వేలు పెట్టాడు.
ఫిడేళ్ళు ఒక్కొక్కటే దిగాయి,
మెట్టు మెట్టూ, కింది తీగ మీదికి,
నాకు వినబడేంత కిందికి.

ఆ ఆల్బమ్‌కి 'వేట నిషేధం' అని పేరు పెట్టారు.
ఆశీలుమెట్ట టీకొట్లో అదే, ఆటోల్లో అదే,
షిల్లాంగు నుంచి ఎవరో గదిని చూసిపోడానికి వచ్చారు.
డిసెంబర్లో బీచిరోడ్డు మీద వాయిస్తే
జనం సబ్‌మెరైన్ దాటి నిలబడ్డారు.
నేను స్పీకరు పెట్టెకి వీపానించి కూచున్నా.
అట్ట మీద ఫిడేళ్ళ కింద, కోయిరుకి పైన
ఒక వరుస:
కంప్రెసర్, కారి పోలయ్య.
మా నూకాలు దాన్ని కరెంటు బిల్లుల్లో దాచింది.

ఇప్పుడు కొత్త మిషనొచ్చింది. చప్పుడుండదు.
దాని పక్కన నాకు నిద్ర పట్టదు.
మనవడి ఫోన్లో ఆ పాట పెట్టించుకుంటాను గాని
ఫోనుకి అంత కడుపేదీ?
నా మిషను అందులో పట్టదు.
వాడు చెవికి తీగలు పెట్టుకుని, కళ్ళు మూసుకుని
పదకొండో నిమిషం దగ్గర నా మోకాలు గిల్లుతాడు.
"ఇదిగో తాతా, వచ్చావు."
"ఇంకా ఉన్నానా?"
"ఉష్. ఉన్నావు."